ముద్దాయి తరఫున

మా సీనియర్ పోయారన్న కబురు నాకు కోర్టు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆ రోజు కేసులేమున్నాయో చూద్దామని పొద్దున్నే ఫోన్ తెరిస్తే, ఎవరో పెట్టిన ఆయన ఫొటో, దాని కింద వరసగా దండాల బొమ్మలు. ఒకాయన "మన బారుకు తీరని లోటు" అని రాశాడు. ఆ రాసినాయన మా సీనియర్ ఎదురుపడితే వరండా స్తంభం చాటుకు తప్పుకునేవాడు. నేను కూడా ఒక దండం బొమ్మ పెట్టబోయి, సిగ్గేసి, ఫోన్‌ను బల్ల మీద బోర్లించాను.

కాసేపటికి ఆయన గుమాస్తా ఫోన్ చేశాడు. సీనియర్ రెండు రోజుల కిందే హాలియా పక్కన ఉన్న సొంతూరికి వెళ్లారట. కాలువకు నీళ్లొదిలారు, నాట్లు చూసొస్తానని. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. "నిద్రల్నే పోయిండమ్మా. ఎవ్వర్నీ తిప్పలు వెట్టలే" అన్నాడు గుమాస్తా, ఏడుపు ఆపుకుంటూ. బతికున్నప్పుడు మా వకీళ్లందరినీ ఎందుకు తిప్పలు పెట్టాలని చూశారో అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నేను నల్లగొండ కోర్టులో వకీలును. మా బాపు కూడా ఇక్కడే వకీలు. బాపుది మోత్కూర్ నేతవాడ, మా తాత చివరిదాకా మగ్గం మీదే కూర్చున్నాడు. సీనియర్‌ది వ్యవసాయం. ఇద్దరూ ఒకే ఏడు నల్లకోటు తొడుక్కున్నారు. కోర్టు గేటు ముందు చాయ్ బండి దగ్గర వాళ్లది ఎప్పుడూ "వన్ బై టూ." ఒక చాయ్ రెండు గ్లాసుల్లో. జేబులో పైసల్లేని రోజుల్లో మొదలైన అలవాటు, పైసలొచ్చాక కూడా పోలేదు. నేను లా పాసయ్యాక బాపు నన్ను తన ఆఫీసులో చేర్చుకోలేదు. "నా దగ్గరుంటే బిడ్డవైతవు గాని జూనియర్‌వు కావు. పో, ఆయన దగ్గర తిట్లు తిను" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి సీనియర్‌కు అప్పజెప్పాడు. ఆయన తిట్టింది తక్కువ. తప్పు రాసిన కాగితాన్ని ఏమీ అనకుండా తిరిగి నా ముందు పెట్టి, సోంపు నములుతూ కిటికీలోంచి బయటికి చూసేవారు. ఆ తప్పేదో నాకు కనపడేదాకా అలాగే చూస్తూ ఉండేవారు. అంతకంటే నాలుగు తిట్లే నయమనిపించేది.

ఆయన పద్ధతులు కొన్ని చూస్తే మాకు నవ్వొచ్చేది. నల్లకోటును పాత తువ్వాలలో మూట కట్టుకుని బస్సులో వచ్చి, కోర్టు మెట్ల దగ్గర తొడుక్కునేవారు. బోనులో ఉన్న మనిషిని ఎప్పుడూ "వాడు" అనలేదు. దొంగతనం కేసైనా, హత్య కేసైనా, పేరు పెట్టే పిలిచేవారు. "తీర్పు వచ్చినంక ఏమన్నా అనుండ్రి. అప్పటిదాక ఆయనకు తల్లిదండ్రులు వెట్టిన పేరు ఉంది గద" అనేవారు. కేసు పిలవగానే బోను దాకా నడిచి వెళ్లి, దాని చెక్క కమ్మీ మీద ఒక చెయ్యి వేసి నిలబడి వాదించేవారు. ఎందుకలా అని అడిగితే "మోకాళ్ల నొప్పులే, పట్టుకోనీకి ఏమన్న ఉండాలె గద" అన్నారు. నేను నమ్మాను. ఆయన మోకాళ్లు పొలం గట్ల మీద నన్ను మించి నడుస్తాయని తర్వాతెప్పుడో తెలిసింది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఇంకా జిల్లాలు విడిపోకముందు, హైవే మీద ఒక బస్టాండులో బాంబు పేలింది. ఎవరో వదిలి వెళ్లిన సంచిలో ఉందది. చనిపోయిన వాళ్లలో మోత్కూర్ నేతవాడ పిల్లవాడొకడు ఉన్నాడు. మగ్గం వదిలి పట్నంలో బట్టల దుకాణంలో పనికి కుదిరి, సెలవుకు ఇంటికొస్తున్నాడు. బాపు ఆ పిల్లవాణ్ని చిన్నప్పుడు ఎత్తుకున్నాడు. శవం ఇంటికొచ్చిన రోజు బాపు అక్కడే ఉన్నాడు. తిరిగొచ్చి చాలాసేపు చేతులు కడుక్కుంటూ బావి గట్టు దగ్గరే నిలబడ్డాడు. ఆ తర్వాత జరిగినదాన్ని నేను బాపు మీద నేరంగా చెప్పడం లేదు. ఆ చేతులు గుర్తుపెట్టుకునే చెప్తున్నాను.

నాలుగు రోజులకు పోలీసులు ఒకణ్ని పట్టుకున్నారు. నార్కట్‌పల్లి క్రాస్ రోడ్డు దగ్గర పంక్చర్ షాపు నడుపుకునే కుర్రవాడు. పేలిన సంచి అంతకు ముందు రాత్రంతా అతని షాపులో ఉందట. కుట్రలో భాగమే అన్నారు. ఉపా చట్టం కింద కేసు కట్టారు. అది బెయిలు దొరకడం చాలా కష్టమైన చట్టం. టీవీలో అతని ఫొటో చూపిస్తూ "ఉగ్రవాది" అని రాశారు. "నిందితుడు" అనే మాట ఆ వారం ఏ చానల్లోనూ నాకు వినపడలేదు.

బారు, అంటే మా వకీళ్ల సంఘం, అత్యవసర సమావేశం పెట్టింది. అధ్యక్షుడు మా బాపు. ఈ కేసులో ముద్దాయి తరఫున మన సభ్యులెవరూ వకాలత్నామా వేయరాదని తీర్మానం చదివాడు. హాలంతా చేతులెత్తింది. నేనూ ఎత్తాను. ఇలాంటి తీర్మానాలు చెల్లవని దేశంలోని పెద్ద కోర్టు ఎప్పుడో చెప్పింది. ఆ సంగతి ఆ హాల్లో సగం మందికి తెలుసు. సీనియర్ ఆ రోజు వేరే పని మీద మిర్యాలగూడ కోర్టులో ఉన్నారు.

మర్నాడు రిమాండు. హాలు కిక్కిరిసింది. బాపు ముందు వరసలోనే కూర్చున్నాడు, ఎవరైనా వకాలత్ వేస్తారేమో చూడటానికి. సీనియర్ ఏదో భూమి కేసు కోసం వచ్చి పక్క బెంచీలో ఉన్నారు. ఆయన వెనక నేను. కుర్రవాణ్ని తెచ్చారు. తల మీద గుడ్డ కప్పారు. మేజిస్ట్రేటు తలెత్తి అడిగారు: "ముద్దాయి తరఫున ఎవరున్నారు?"

ఎవరూ లేవలేదు. మళ్లీ అడిగారు. అప్పుడు తలుపు దగ్గర నుంచి ఒక ముసలాయన, మెడలో టేపు అలాగే వేలాడుతుండగా, జనాన్ని తోసుకుంటూ వచ్చి చెయ్యెత్తాడు. అతను ఆ కుర్రవాడి తండ్రి, దర్జీ.

"హాజర్ సాబ్. నేనే ముద్దయిని. అర్జీ ఇచ్చింది నేనే. మా పోరగాడు కనపడ్తలేడని, ఎవరో జీపుల ఎక్కించుకపోయిన్రని ఠాణాల అర్జీ ఇచ్చిన. జర చూడుండ్రి సాబ్."

హాలు గొల్లుమంది. కొడుకు బోనులో ఉంటే తండ్రి వచ్చి నేనే ముద్దాయినంటున్నాడు! పోలీసులు నవ్వారు, వకీళ్లు నవ్వారు, బాపు భుజాలు కదలడం నేను చూశాను. నేనూ ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఇన్నేళ్ల తర్వాత ఆ కేసులో ఏ సాక్షి ఏం చెప్పాడన్నది కొంత మరిచిపోయాను. ఆ ఫైలు అట్ట ముక్కుకు తగిలినప్పటి వాసన మాత్రం మరిచిపోలేదు. పాపం, ఆ ముసలాయనకు మేం ఎందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు. మర్యాదకు తనూ కొంచెం నవ్వాడు.

నవ్వనిది మా సీనియర్ ఒక్కరే. లేచి, కోటు గుండీ పెట్టుకుని, బోను దాకా నడిచి, కమ్మీ మీద చెయ్యేశారు. "ముద్దాయి తరఫున నేనున్న" అన్నారు. తర్వాత ముసలాయన వైపు తిరిగి ఉర్దూలో ఏదో నెమ్మదిగా చెప్పారు. ఆ ముసలాయన నవ్వు ఆగిపోయింది. తల మీద గుడ్డతో ఉన్న కొడుకును అప్పటిదాకా అతను గుర్తుపట్టలేదు. టీవీ చూసే ఇల్లు కాదు వాళ్లది; అర్జీ సంగతి కోర్టులో తేలుతుందని ఠాణాలో ఎవరో అంటే వచ్చాడట.

సాయంత్రం ఆఫీసులో ఆయన సోంపు డబ్బా మూత తీస్తూ వేస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత చెప్పారు:

"నిజాం కాలంల మా నాయిన ఉర్దూల అర్జీలు రాసేటోడు బిడ్డా. ముద్దయి అంటే దావా ఏసినోడు. ఎవని మీద ఏసిన్రో వాడు ముద్దాలే. తెలుగులకు వచ్చేటాల్లకు ఏడనో తారుమారైంది. దావా ఏసినోని పేరు తెచ్చి బోనులున్నోనికి వెట్టుకున్నం. తప్పు ఆ పెద్దమనిషిది గాదు, మన భాషది. మనం నవ్వినం."

"మనం" అన్నారు. ఆయన నవ్వలేదు కదా, ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదనిపించింది నాకు.

"కాని మంచి తప్పే" అన్నారు మళ్లీ. "బోనులున్నోడు గూడ దావా ఏసినోడే. నేను జేసిన్నంటున్నవు గద, రుజువు జెయ్యి అని సర్కారు మీద దావా. గా దావాకు జవాబు చెప్పలేని సర్కారు ఎవల్నన్న జేల్ల వెట్టొచ్చు. నన్ను, నిన్ను, మీ బాపును."

రెండు రోజులకు బాపు ఆయన ఆఫీసుకొచ్చాడు. వెంట ఆ చనిపోయిన పిల్లవాడి తల్లి. "ఈమెకు నువ్వే చెప్పు. నేను చెప్పలేను" అన్నాడు బాపు. సీనియర్ లేచి నిలబడి తన కుర్చీ ఆమెకు జరిపారు. ఆమె కూర్చోలేదు.

"నా కొడుకును సంపినోని దిక్కు నిలవడ్డవట గదనయ్యా. నీకు పిల్లలు లేరా?"

"ఉన్నరు తల్లీ. ఆ పిల్లగాడు సంపిండని తేలితే ఉరెయ్యనీ, నేను అడ్డం రాను. తేలాలె గద. చీకట్ల పాము అనుకోని తాడును కొట్టి, సంపినమని పండుకుంటే, పాము ఇంట్లనే ఉంటది."

"సామెతలు చెప్పకు" అని బాపు కసిరాడు. "పోరడు ముక్కలై వచ్చిండు ఇంటికి. నువ్వు జూడలే."

ఆమె ఇద్దరినీ చూసింది. "పామో తాడో నాకెర్క లేదయ్యా. నా కొడుకు లేడు. గంతే ఎర్క" అంది. నేను మంచినీళ్లిస్తే తాగలేదు, గ్లాసును చేత్తో కొంచెం పక్కకు జరిపి వెళ్లిపోయింది. సీనియర్ ఆ సాయంత్రం ఇంకే ఫైలూ ముట్టుకోలేదు.

మర్నాటి నుంచి చాయ్ బండి దగ్గర "వన్ బై టూ" బంద్. బాపు ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. సీనియర్ ఒక్కరే బండి దగ్గర నిలబడి, "ఒక్కనికి ఫుల్ చాయ్ ఎక్కువైతాందయ్యా" అని బండి అతనితో పరాచికమాడి, సగం తాగి గ్లాసు పెట్టేసేవారు. కక్షిదారులు ఒక్కొక్కరే ఫైళ్లు తీసుకుపోయారు. మిగతా జూనియర్లు వెళ్లిపోయారు. ఆఫీసు బోర్డు మీద ఎవరో పేడ కొట్టారు. గుమాస్తా కడగబోతే, "ఎండనియ్యి, ఎండితే దానంతట అదే రాల్తది" అన్నారు.

నేను వెళ్లిపోలేదు. అది గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. బాపు నాతో "ఆయన దగ్గరుండు, నేను వద్దంటలే. గా ఒక్క కేసుల నీ పేరు ఉండొద్దు" అన్నాడు. సీనియర్‌తో ఎలా చెప్పాలా అని నేను నాన్చుతుంటే ఆయనే, "మీ బాపు మాట దాటకు బిడ్డా. గీ కేసుకు నేనొక్కన్ని చాలు" అన్నారు. అమ్మయ్య అనుకున్నాను. గోడ మీద పిల్లిలాగా ఇటు ఆయన భూమి కేసులు చూస్తూ, అటు బాపు బిడ్డగా బారు హాల్లో కూర్చుంటూ, ఇద్దరికీ మంచిదాన్నయ్యాను.

విచారణ ఏళ్ల తరబడి నడిచింది. కుర్రవాడు అన్ని రోజులూ జైల్లోనే. పంక్చర్ షాపు జాగా ఇంకెవరో కిరాయికి తీసుకున్నారు. దర్యాప్తు చేసిన అధికారిని సీనియర్ ప్రశ్నించిన రోజు మాత్రం నేను ఉండబట్టలేక వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన గొంతు పెంచలేదు.

"సార్, క్రాస్ రోడ్డు కాడ బస్సు దిగి ఇంకో బస్సు కోసం ఆగినోళ్లు సామాను ఏడ వెడ్తరు?"

"పక్క షాపుల్లో పెడతారు."

"షాపాయన సంచి ఇప్పి చూస్తడా?"

"చూడడు."

"ఆ షాపుకు ఎదురుంగ హోటల్ ఉన్నది. దానికి కెమెరా ఉన్నది. సంచి వెట్టి పోయినోని మొఖం అండ్ల వడ్తది. ఆ రికార్డు తెచ్చిండ్రా?"

అధికారి "లేదు" అన్నాడు.

"ఎందుకు తేలే?"

"నేరస్తుడు దొరికాడు కనుక అవసరం అనిపించలేదు."

సీనియర్ కమ్మీ మీద చెయ్యి తీయకుండా ఆ మాటను అలాగే రాయించమని కోర్టును కోరారు. ఆ రికార్డు అప్పటికే చెరిగిపోయింది. అలాంటి కెమెరాలు పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతాయి. పేలుడు జరిగిన వారంలోనే ఎవరైనా హోటల్ దాకా రోడ్డు దాటి ఉంటే, ఆ సంచి పెట్టిన మనిషి ముఖం దొరికి ఉండేది. దాటలేదు. మేమంతా కోపంతో ఊగుతున్నాం, ఎవరో ఒకరు కావాలి, ఒకడు దొరికాడు. పాము మాట నాకు ఆ రోజు అర్థమైంది. ఆ మాట చెప్పినప్పుడు విసుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

నేరం రుజువు కాలేదని కోర్టు కుర్రవాణ్ని వదిలేసింది. ముసలి దర్జీ వచ్చి సీనియర్ చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంటే ఆయన ఇబ్బంది పడ్డారు. "మీ దావా మీరే గెల్చిన్రు" అన్నారు. ఆ కుర్రవాడు మాత్రం గేటు బయట బస్సుల మోతకు ఉలిక్కిపడుతూ తండ్రి భుజం పట్టుకుని నడిచాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మోత్కూర్ తల్లి మళ్లీ వచ్చింది. ఈసారి బాపు వెంట లేడు. బస్సులో ఒక్కతే వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి అడిగింది:

"వాడు గాదంటివి. కోర్టు గూడ గాదనె. మరి నా కొడుకును సంపిందెవరయ్యా?"

సీనియర్ ఈసారీ లేచి కుర్చీ జరిపారు. ఈసారి ఆమె కూర్చుంది.

"గా మాట అడగవల్సినదానివి నువ్వే తల్లీ. అసలు ముద్దయివి నువ్వు. పోయిన్నాడే ఈ మాట నీకు చెప్పాల్సుండె, పామూ తాడూ అని ఏదో వాగిన. ఆడికే నా తెలివి" అన్నారు. ఆయన కళ్లు నిండాయి. కేసు మళ్లీ దర్యాప్తు చేయాలని ఆమె పేరు మీద హైకోర్టుకు దరఖాస్తు రాశారు. దాని వకాలత్నామాలో తన సంతకం కింద జాగా వదిలి, ఏమీ అనకుండా నా ముందు పెట్టి, సోంపు నములుతూ కిటికీలోంచి చూశారు. నేను సంతకం పెట్టాను. చనిపోయిన పిల్లవాడి తల్లి పక్షాన సంతకం చేయడానికి ధైర్యం అక్కర్లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఇక ఆ తీర్మానం. ఆయన బాధంతా దాని మీదే. బారు సర్వసభ్య సమావేశం జరిగిన ప్రతిసారీ, చివర్లో, ఆయన లేచేవారు. "గా తీర్మానం రద్దు జెయ్యాలని ప్రతిపాదిస్తున్న" అనేవారు. ఏ ప్రతిపాదననైనా ఇంకొకరు బలపరిస్తేనే చర్చకు తీసుకోవాలని మా బారు నియమం. వేదిక మీద నుంచి బాపు అడిగేవాడు: "బలపరిచేవారు ఎవరైనా ఉన్నారా?" ఫ్యాను తిరిగే చప్పుడు వినపడేది. సీనియర్ హాలంతా ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా ఒకసారి మెల్లగా చూసి, అద్దాలు తీసి, కూర్చునేవారు. కుర్రవాడు నిర్దోషి అని తేలాక కూడా అంతే. అప్పటికి పంతం అయిపోయింది. తీర్మానం తప్పని ఒప్పుకుంటే చేతులెత్తిన వాళ్లందరి చేతులూ తప్పే అవుతాయి. బాపు పదవి దిగి ఇంకొకరు ఎక్కారు. అయినా అంతే.

ఒకసారి స్కూటర్ మీద బస్టాండులో దింపుతూ అడిగాను, "ఎందుకు సార్ ప్రతిసారీ ఒక్కరే నిలబడి నామోషీ పడడం? ఎట్లాగూ చెల్లని తీర్మానమే కదా."

"చెల్లని రూపాయి గూడ జేబుల బరువే గద బిడ్డా. గది నా మీద తీర్మానం గాదు. రేపు బోనుల నిలవడెటోని మీద. నిలవడ్డోడు ఇటు చూస్తే ఒక్క నల్లకోటన్న లేవకుంటే, ఇగ కోర్టుకు, ఠాణాకు ఫరకేంది? సంపేటోనికి మన చట్టం మీద నమ్మకం లేదు. మనకు గూడ లేకపోతే ఎట్ల?" అన్నారు. బస్సు ఎక్కి కిటికీలోంచి, "ఒక్కరు లేస్తే సాలు. ఎవరో ఒకరు లేస్తరు" అన్నారు. ఆ ఒక్కరివి నువ్వవుతావా అని నన్ను అడగలేదు. అడిగి ఉంటే కనీసం కాదని చెప్పేదాన్ని. అప్పుడు కాదన్నదైనా మిగిలేది.

అంత్యక్రియలకు నేను, గుమాస్తా వెళ్లాం. బాపు మోకాళ్ల నొప్పులన్నాడు. బారు తరఫున పూలదండ ఒకటి ఆటోలో వచ్చింది. కాలువ గట్టు దగ్గర చూస్తే ముసలి దర్జీ ఉన్నాడు, కొడుకు భుజం ఆసరాతో. ఇంకో పక్క మోత్కూర్ తల్లి ఉంది. వాళ్లిద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు. మాట్లాడుకోలేదు. కాని చితికి నిప్పు పెట్టాక, ఎండ ఎక్కువైతే, ఆమె తానున్న నీడలో కొంచెం పక్కకు జరిగి ముసలాయనకు జాగా ఇచ్చింది. ఆ ముగ్గురూ అక్కడే కూర్చున్నారు.

వారానికి బారు హాల్లో సంతాప సభ. హాలు నిండింది. ఫొటోకు దండ, దాని ముందు ఊదుబత్తి. ఒక్కొక్కరే లేచి ఆయన భూమి కేసుల్లో ఎంత దిట్టో, సోంపు ఎలా పంచేవారో, బస్సులో ఎలా వచ్చేవారో చెప్పారు. జూనియర్లకు తండ్రిలాంటివాడన్నారు. ఆ ఒక్క కేసు మాట ఎవరి నోటా రాలేదు. బాపును మాట్లాడమన్నారు. కర్ర పట్టుకుని లేచి, "ఇద్దరం వన్ బై టూ తాగేటోళ్లం" అని కూర్చున్నాడు. అధ్యక్షుడు సంతాప తీర్మానం ప్రతిపాదించి, "బలపరిచేవారు?" అన్నాడు. హాలంతా చేతులు లేచాయి. అన్ని చేతులు ఆ హాల్లో నేను అంతకు ముందు ఒక్కసారే చూశాను.

నేను చెయ్యి ఎత్తలేదు. లేచి నిలబడ్డాను.

"నేను బలపరుస్తున్నాను."

"అయిపోయిందమ్మా, అందరూ బలపరిచిన్రు" అన్నాడు అధ్యక్షుడు.

"ఇది కాదు. పోయినేడు ఆయన పెట్టిన ప్రతిపాదనను."

అధ్యక్షుడు చెడ్డవాడు కాదు. ఇబ్బందిగానే, ఉన్న నియమం చెప్పాడు: "ప్రతిపాదించినాయన లేడు గదమ్మా. ప్రతిపాదన ఆయనతోనే పోయె. ఇగ దాన్ని బలపర్చుడు ఎట్లయితది?"

ఆయన చెప్పింది సరైనదే. ఎన్నో ఏళ్లు ఒక్క మాట కోసం ఆయన నిలబడ్డప్పుడు ఆ మాట నా నోట్లోనే ఉంది. ఇప్పుడు తీసుకొచ్చాను, తీసుకోవడానికి మనిషి లేడు. అయినా కూర్చోలేదు.

"అయితే నేనే ప్రతిపాదిస్తున్నాను. ఆ తీర్మానం రద్దు చేయాలని."

అధ్యక్షుడు ఫొటో వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు, చివరికి అడిగాడు: "బలపరిచేవారు ఎవరైనా ఉన్నారా?"

ఫ్యాను తిరుగుతోంది. ఆయన చూసినట్టే నేనూ ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా మెల్లగా చూశాను. అక్కడ నిలబడితే ఏం కనపడుతుందో నాకు అప్పటిదాకా తెలియదు. ముఖాలు కనపడవు. అందరూ ఫోన్లలోకో, ఒళ్లోని ఫైళ్లలోకో చూస్తుంటారు. కనపడేవన్నీ నడినెత్తులు. నెరిసినవి, నూనె రాసినవి, పాపిట తీసినవి. ఇన్నేళ్లూ ఆయన చూసిందిదే. ఆ పాపిళ్లలో ఒకటి నాది.

ఒక్క ముఖం మాత్రం ఎత్తి ఉంది. ముందు వరసలో, కర్ర మీద రెండు చేతులూ ఆనించుకుని, బాపు నా వైపే చూస్తున్నాడు. పెదవులు కదిలాయి. నేను ఆగాను. హాలంతా ఆగినట్టే అనిపించింది. తర్వాత మెల్లగా, ఆ తల కూడా కిందికి దిగింది.